ఫరో మొండితనం పన్నెండు బొమ్మల్లో: ఓపెన్ బైబిల్ స్టోరీస్ పదో కథ సండే స్కూల్‌కు ఎంతవరకు పనికొస్తుంది?

గర్వం మీద పాఠం చెప్పాలంటే మన సండే స్కూళ్ళలో ముందు గుర్తొచ్చేది బైబిల్లోని సామెతల గ్రంథం 16:18 ("నాశనమునకు ముందు గర్వము నడచును"). మొండితనం మీదైతే ఫరో, అంటే బానిసలైన ఇశ్రాయేలీయులను పంపమని దేవుడు మోషే ద్వారా అడిగినా పంపనన్న ఐగుప్తు (ఈజిప్టు) రాజు. అందుకు ఐగుప్తు మీదికి ఒకదాని తర్వాత ఒకటి వచ్చిన విపత్తులే పది తెగుళ్ళు. పది తెగుళ్ళ కథ పిల్లలకు ఎలాగూ ఇష్టమే. కప్పలు, మిడతలు, వడగండ్లు అంటుంటే క్లాసు అంతా నోరు తెరుచుకుని వింటుంది. చిక్కు కూడా అక్కడే ఉంది. గంట గడిచాక పిల్లలకు గుర్తుండేది కప్పలే. కప్పలు ఎందుకు వచ్చాయి, పోయాక ఫరో ఏం చేశాడు అన్నది గుర్తుండదు. కాబట్టి ఈ కథకు ఏ బొమ్మల సెట్టు ఎంచుకున్నా ముందు చూడాల్సింది ఒకటే: అది తెగుళ్ళను చూపిస్తోందా, ఫరోను చూపిస్తోందా?

అన్‌ఫోల్డింగ్‌వర్డ్ సంస్థ ఉచితంగా ఇచ్చే ఓపెన్ బైబిల్ స్టోరీస్‌లో మొత్తం 50 కథలున్నాయి, తెలుగులో కూడా దొరుకుతాయి. పది తెగుళ్ళది పదో కథ. పన్నెండు బొమ్మలు, ఒక్కో బొమ్మ కింద రెండు మూడు వాక్యాలు, చివర మూలం నిర్గమకాండము 5 నుంచి 10 అధ్యాయాలని సూచన. డబ్బు పెట్టి కొనే ఫ్లాష్‌కార్డుల పక్కన పెట్టి చూస్తే దీనికి రెండు బలాలున్నాయి. మొదటిది లైసెన్సు, దాని సంగతి తర్వాత చూద్దాం. రెండోది, కథ రాసినవాళ్ళు ఫరో హృదయం గురించిన మాటలను అలవాటుగా కత్తిరించి పారేయలేదు.

ఈ రెండోదాన్ని కాస్త వివరంగా చెప్పుకోవాలి. పిల్లల కోసం తయారైన సెట్లు చాలావరకు ప్రతి తెగులు తర్వాతా "ఫరో ఒప్పుకోలేదు" అని ఒకే మాట అచ్చు గుద్దినట్టు వేస్తాయి. మూలంలో మాత్రం ఒకే మాట లేదు. నిర్గమకాండములో రక్తం తర్వాత (7:22) అతని హృదయము కఠినమాయెను. కప్పల తర్వాత (8:15) అతడే కఠినపరచుకొన్నాడు. పేల తర్వాత (8:19) కఠినమాయెను, ఈగల తర్వాత (8:32) మళ్ళీ తనే కఠినపరచుకొన్నాడు, పశువుల తెగులు తర్వాత (9:7) కఠినమాయెను. ఆరో తెగులు పొక్కుల దగ్గర (9:12) మొదటిసారి యెహోవా అతని హృదయాన్ని కఠినపరచినట్టు వస్తుంది. ఇలా చేస్తానని దేవుడు 4:21లో, 7:3లో ముందే చెప్పాడు గానీ, జరిగినట్టు రాసింది ఆరో తెగులు దగ్గరే. వడగండ్ల తర్వాత (9:34) మళ్ళీ ఫరోయే కఠినపరచుకుంటాడు. మిడతల నుంచి (10:20) చివరిదాకా కర్త యెహోవాయే.

పన్నెండు బొమ్మల్లో ఈ తేడా నిలిచింది. నాలుగో బొమ్మ కప్పలది, అక్కడ కఠినపరచుకున్నది ఫరో. ఏడో బొమ్మ పొక్కులది, అక్కడ కఠినపరచినది దేవుడు. వడగండ్లు ఎనిమిదో బొమ్మలో ఉంటే, తొమ్మిదో బొమ్మను పూర్తిగా వడగండ్లు ఆగాక ఫరో మాట తప్పడానికే కేటాయించారు. ఉన్నదే పన్నెండు బొమ్మలైనప్పుడు అందులో ఒకదాన్ని తెగులుకు కాకుండా మనిషి మాట తప్పడానికి ఇవ్వడం మంచి నిర్ణయం. మొత్తం పాఠాన్ని ఈ తొమ్మిదో బొమ్మ మీదే నిలబెట్టొచ్చు.

ఇంటర్మీడియట్ క్లాసులో, అంటే సండే స్కూల్‌లోని పెద్దపిల్లల తరగతిలో, ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: దేవుడే కఠినపరిస్తే ఫరో తప్పేముంది? జవాబు దాటవేయకుండా, పైన చెప్పిన వరుసను బోర్డు మీద రెండు నిలువు గీతల మధ్య రాయించండి. ఒక వైపు "అతడు", ఇంకో వైపు "యెహోవా", నడుమ "కఠినమాయెను". వచనాలు పిల్లలే తీసి ఏ గడిలో వేయాలో చెప్పాలి. మొదటి అయిదు తెగుళ్ళ దాకా "యెహోవా" గడి ఖాళీగా ఉండటం వాళ్ళ కళ్ళకే కనిపిస్తుంది. ఆ తర్వాత రోమా 9:17-18 తెరవాలా వద్దా అన్నది వయసును బట్టి చూసుకోవాలి. పదిహేనేళ్ళ లోపు వాళ్ళకు ఆ గడులు చాలు. హీబ్రూలో ఈ చోట్ల ముఖ్యంగా రెండు క్రియలు వాడారు, ఒకటి బలపడటం, గట్టిపడటం అనే అర్థంలో, ఇంకోటి బరువెక్కటం అనే అర్థంలో. తెలుగు పాత అనువాదంలో రెండూ "కఠినము"లో కలిసిపోయాయి. బరువెక్కిన గుండె, కదలని గుండె అని చెబితే ప్రైమరీ పిల్లలకు "కఠినము" కన్నా సులువుగా అందుతుంది.

ఇక లోపాలు. పెద్దది, బేరం పోయింది.

మొండివాడంటే ఎప్పుడూ కాదనేవాడని పిల్లలు అనుకుంటారు, పెద్దవాళ్ళూ అలాగే అనుకుంటారు. నిర్గమకాండములోని ఫరో చాలాసార్లు సరేనంటాడు. ఈగల దగ్గర మొదట ఈ దేశంలోనే బలి అర్పించుకోండి అంటాడు (8:25). కాదంటే, సరే వెళ్ళండి గానీ దూరం పోవద్దు అంటాడు (8:28). మిడతలు ఇంకా రాకముందే మగవాళ్ళు మాత్రం వెళ్ళండి అంటాడు (10:11). చీకటి తర్వాత పిల్లలు కూడా వెళ్ళొచ్చు గానీ మందలు మాత్రం ఇక్కడే ఉండాలి అంటాడు (10:24). నాలుగు మెట్లు దిగాడు, ప్రతి మెట్టు మీదా ఏదో ఒకటి చేతిలో అట్టిపెట్టుకున్నాడు. మోషే జవాబు ఒక డెక్క కూడా విడిచిపెట్టేది లేదని (10:26). తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి ఎలా ఉంటాడో చూపడానికి ఇంతకన్నా మంచి సామగ్రి బైబిల్లో దొరకడం కష్టం. సెట్టులో ఇదంతా "ఒప్పుకోలేదు" అన్న మాటలోకి కుదించుకుపోయింది. అయిదో బొమ్మలోనైతే ఈగలు ఆగితే వెళ్ళనిస్తానన్న మాట, ఆ తర్వాత మాట తప్పడం మాత్రమే మిగిలాయి.

రెండోది "రేపు". కప్పలు పడకగదిలోకి, పొయ్యిలోకి, పిండి పిసికే తొట్టిలోకి దూరాక మోషే అడుగుతాడు, ఎప్పుడు ప్రార్థించమంటావో నువ్వే చెప్పు అని. ఫరో జవాబు ఒక్క మాట: రేపు (8:10). ఇంకో రాత్రి కప్పలతో పడుకోవడానికైనా సిద్ధపడ్డాడు గానీ, ఇప్పుడే అని అడగడానికి నోరు రాలేదు. నాలుగో బొమ్మలో కప్పలను తీసేయమని అడిగినట్టు ఉంది గానీ ఈ మాట లేదు. బొమ్మ చూపించేటప్పుడు టీచరే దీన్ని చేర్చాలి, నవ్వు వచ్చే చోటే పాఠం కూడా ఉంది.

మూడోది సాక్ష్యం. అయిదో తెగులులో ఇశ్రాయేలీయుల పశువుల్లో ఒక్కటీ చావలేదని ఫరో తనే మనుషులను పంపి విచారించి తెలుసుకున్నాడు (9:7). తెలిశాక కూడా వాళ్ళను పంపలేదు. తెలియక తప్పు చేయడానికీ, తెలిసి మొండికేయడానికీ మధ్య గీత ఇక్కడ పడింది. ఆరో బొమ్మలో ఐగుప్తీయుల పశువులు చనిపోవడం ఉంది, ఈ విచారణ లేదు. అలాగే మూడో తెగులు దగ్గర ఫరో కొలువులోని మాంత్రికులైన శకునగాండ్రు "ఇది దైవశక్తి" అని ఒప్పుకోవడమూ (8:19), ఎనిమిదో తెగులుకు ముందు ఫరో సొంత సేవకులే "ఐగుప్తుదేశము నశించినదని నీకింకను తెలియదా?" అని నిలదీయడమూ (10:7) లేవు. మూడు, నాలుగు తెగుళ్ళు రెండూ ఒకే అయిదో బొమ్మలో ఇరికాయి, శకునగాండ్రకు చోటు దొరకకపోవడానికి అదీ ఒక కారణం కావచ్చు. గర్విష్ఠుడు ఒంటరిగా ఎలా మిగిలిపోతాడో చూపించేవి ఈ రెండు చోట్లే కాబట్టి ఇది చిన్న లోటు కాదు.

వడగండ్ల బొమ్మకు ఒక వచనం తప్పకుండా జోడించండి. వడగండ్లు పడతాయన్న హెచ్చరిక విని భయపడ్డ ఫరో సేవకులు కొందరు తమ పశువులను ఇళ్ళకు తోలించుకున్నారు (9:20). ఇది చెప్పకపోతే ఐగుప్తు వాళ్ళంతా మొండివాళ్ళు, ఇశ్రాయేలు వాళ్ళంతా మంచివాళ్ళు అన్న లెక్క పిల్లల్లో పడిపోతుంది, తర్వాత అరణ్యంలో ఇశ్రాయేలీయుల సణుగుడు పాఠం వచ్చినప్పుడు వాళ్ళకు అయోమయంగా ఉంటుంది. వడగండ్లలో యవలు, జనప పోయినా గోధుమ మిగిలింది (9:31-32). మాట తప్పడానికి ఫరోకు ధైర్యం ఎక్కడిదంటే, ఇంకా గోధుమ ఉంది కదా! ఆ మిగిలిందాన్నే తర్వాత మిడతలు తిన్నాయి. రైతుల ఇళ్ళ పిల్లలకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు.

క్లాసు నడిపే తీరు. నలభై నిమిషాల క్లాసులో పన్నెండు బొమ్మలూ ఆపకుండా ఒకసారి చదివేయండి, ఆరేడు నిమిషాలకు మించదు. ఒక్కో బొమ్మ దగ్గర ఆగి ప్రశ్నలు వేస్తే ఏడో బొమ్మకే క్లాసు సమయం అయిపోతుంది, ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. రెండోసారి నాలుగు బొమ్మలు మాత్రమే తీయండి: నాలుగు, అయిదు, తొమ్మిది, పది. ఫరో నోరు తెరిచి బతిమాలింది నాలుగు తెగుళ్ళలోనే, కప్పలు (8:8), ఈగలు (8:28), వడగండ్లు (9:28), మిడతలు (10:17). మిగతావాటిలో కొన్నిసార్లు ఊరుకున్నాడు, చీకటి తర్వాత బేరమాడి చివరికి మోషేను గెంటేశాడు. ఈ నాలుగింటికీ ఒకే చక్రం: బాధ, బతిమాలడం, ఉపశమనం, మాట తప్పడం. నాలుగు చిన్న అట్టముక్కల మీద ఈ నాలుగు మాటలు రాసి, బొమ్మ చూపించినప్పుడల్లా పిల్లలతో వరుసగా పెట్టించండి. మూడోసారికి మీరు చెప్పకముందే వాళ్ళే పెట్టేస్తారు. "ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య" అన్న సామెత ఏ నాలుగో తరగతి పిల్లాడికైనా ఇక్కడ ఇట్టే అతుకుతుంది.

జూనియర్స్‌కు ఇంకో పని ఇవ్వొచ్చు. ఫరో పాపం ఒప్పుకున్న రెండు చోట్లు పక్కపక్కన రాయించండి. వడగండ్లప్పుడు "నేను ఈసారి పాపముచేసియున్నాను" (9:27). మిడతలప్పుడు "ఈసారి మాత్రమే నా పాపము క్షమించి" (10:17). రెండింట్లోనూ ఉన్న ఒక మాట కింద గీత గీయమనండి. "ఈసారి" దొరికాక, అంతకుముందు జరిగిన సార్లు ఏమయ్యాయని అడిగితే చాలు, క్షమాపణ ఎలా అడగాలో, ఎలా అడగకూడదో చర్చ దానంతటదే మొదలవుతుంది.

కంఠత వాక్యంగా అందరూ వేసే సామెతలు 16:18 కన్నా ఈ కథకు 29:1 సరిగ్గా సరిపోతుంది: "ఎన్నిసారులు గద్దించినను లోబడనివాడు మరి తిరుగులేకుండ హఠాత్తుగా నాశనమగును." మొదటిది గర్వాన్ని చెబుతుంది, రెండోది ఎన్నిసార్లు అన్నదాన్ని లెక్కపెడుతుంది. చిన్నపిల్లలకు పొడవైతే మోషే అహరోనుల నోట యెహోవా ఫరోను అడిగిన ప్రశ్న (నిర్గమకాండము 10:3) తీసుకోండి: "నీవు ఎన్నాళ్లవరకు నాకు లొంగనొల్లక యుందువు?"

ముద్రణ దగ్గర జాగ్రత్తలు కొన్ని. బొమ్మలు రెండు సైజుల్లో దొరుకుతాయి, 360 పిక్సెళ్ళ వెడల్పుతో ఒకటి, 2160 పిక్సెళ్ళతో ఒకటి. ఫోన్లో చూసేటప్పుడు రెండూ ఒకలాగే కనిపిస్తాయి కాబట్టి చిన్నది దించుకుని ప్రింట్ తీసి, మసకగా వచ్చిందని ప్రింటర్‌ను తిట్టుకునేవాళ్ళు ఉంటారు. పెద్ద సైజు ఎ4 కాగితం అడ్డంగా పెడితే అంగుళానికి 185 చుక్కల దాకా పడుతుంది, స్పష్టంగా ఉంటుంది. ఎ3 మీద 130 దగ్గరికి దిగుతుంది, నాలుగైదు అడుగుల దూరం నుంచి చూసే క్లాసుకు అది చాలు. ఫ్లెక్సీ సైజుకు పెంచితే మాత్రం ముఖాలు చెదురుతాయి. బొమ్మ నిష్పత్తి 16:9. ఎ4 అడ్డం కాగితంలో చుట్టూ సెంటీమీటరు వదిలితే బొమ్మ 27.7 సెం.మీ. వెడల్పు, 15.6 సెం.మీ. ఎత్తు వస్తుంది, కింద మూడు సెంటీమీటర్ల పైచిలుకు మిగులుతుంది. అక్కడ బొమ్మ కింది వాక్యాలన్నీ కుక్కకుండా తెగులు పేరు ఒక్కటే పెద్ద అక్షరాల్లో వేయండి. ఆ వాక్యాల పాఠం కార్డు వెనక ఉండాలి.

వెనక అన్నా ఏ కార్డు వెనక అన్నది ముఖ్యం. కార్డుల కట్ట పిల్లల వైపు పట్టుకుంటే టీచరుకు కనిపించేది చివరి కార్డు వీపు. కాబట్టి ఒకటో బొమ్మ పాఠం పన్నెండో కార్డు వెనక, రెండో బొమ్మ పాఠం ఒకటో కార్డు వెనక, మూడోది రెండో కార్డు వెనక అంటించాలి. చూపించిన కార్డును కట్ట వెనక్కి తోసినప్పుడల్లా సరైన పాఠం కళ్ళ ముందుకు వస్తుంది. ప్రింటర్‌లో రెండు వైపులా ఒకేసారి కొట్టిస్తే ఈ వరుస తప్పడం, పాఠం తలకిందులు కావడం మామూలు. విడిగా ప్రింట్ తీసి అంటించుకోవడమే మేలు. లామినేషన్ అంటించాకే చేయించండి.

తెలుగు పాఠాన్ని పీడీఎఫ్ నుంచి కాపీ చేస్తే ఒత్తులు, గుణింతాలు చెదిరిపోవచ్చు. వెబ్ పేజీ నుంచే తీసుకోండి. డీటీపీ సెంటర్‌కు ఇచ్చేటట్టయితే వాళ్ళు అను ఫాంట్లతో పాత పేజ్‌మేకర్‌లో పనిచేస్తున్నారేమో ముందే అడగండి. వెబ్ పేజీ నుంచి తీసుకున్న యూనికోడ్ పాఠం అందులో నేరుగా అతకదు, మార్చాక మళ్ళీ అక్షరం అక్షరం చూసుకోవాలి.

భాష గురించి ఒక మాట. ఈ కథలను తెలుగులో చదవడానికే కాక, తెలుగు ఆధారంగా చిన్న భాషల్లోకి దించుకోవడానికి కూడా వీలుగా చేశారు. అందుకే వాక్యాలు పొట్టిగా, సాదాగా ఉంటాయి. కథ చెప్పే నోటికి అవి కొంచెం చప్పగా తగులుతాయి. క్లాసుకు ముందు ఒకసారి పైకి చదివి, మీ పిల్లల నోటిమాటకు తగ్గట్టు సర్దుకోండి. పేర్లను వాళ్ళ చేతిలోని బైబిలుతో సరిచూసుకోండి. మూడో తెగులుకు బొమ్మ కింద ఏ పురుగు పేరున్నా, పాత అనువాదంలో ఉన్నది "పేలు". పిల్లలు తప్పకుండా పట్టుకుంటారు.

లైసెన్సు క్రియేటివ్ కామన్స్ బై ఎస్‌ఏ 4.0. అంటే కాపీలు తీయొచ్చు, పంచొచ్చు, మార్చొచ్చు, అమ్మొచ్చు కూడా, ఎవరినీ అడగక్కర్లేదు. చేయాల్సినవి: కథ మూలం అన్‌ఫోల్డింగ్‌వర్డ్ అని, బొమ్మలు స్వీట్ పబ్లిషింగ్‌వి అని రాయడం, మీరు మార్చినదాన్ని అదే లైసెన్సు కింద ఇవ్వడం. "రేపు" కోసం ఒక కార్డు, నాలుగు బేరాల కోసం ఇంకో కార్డు మీరే గీసి కలిపితే అది మార్చిన ప్రతి అవుతుంది. అప్పుడు వాళ్ళ లోగో తీసేసి, ఏం మార్చారో ఒక వాక్యంలో చెప్పాలి. నిజానికి ఈ సెట్టును సిఫారసు చేయడానికి ముఖ్య కారణం ఇదే. లోపం ఉన్న చోట చేయి పెట్టి సరిచేసుకునే హక్కు, కొన్న ఫ్లాష్‌కార్డులతో సాధారణంగా రాదు.

ఆరేళ్ళ లోపు వాళ్ళకు ఈ కథ ఇవ్వాలంటే పొక్కుల బొమ్మను చప్పున దాటించేయండి. పదో కథ తొమ్మిది తెగుళ్ళతో, చివరి తెగులు రాబోతోందన్న మాటతో ఆగిపోతుంది. తొలిచూలు పిల్లల చావు పదకొండో కథలో ఉంది, దాన్ని అదే రోజు మొదలుపెట్టకండి. వీబీఎస్‌లో (సెలవుల్లో పిల్లలకు నడిపే బైబిలు తరగతుల్లో) వరుసగా రోజులున్నాయి కాబట్టి మొదటి రెండు రోజులు పదో కథకు, ఒక రోజు పదకొండుకు, ఒక రోజు పన్నెండుకు ఇవ్వొచ్చు. పన్నెండో కథను వదిలేస్తే మాత్రం ఫరో పాఠం సగమే. పంపించేసిన వాళ్ళ కోసం రథం కట్టించుకుని మళ్ళీ వెంటపడింది అక్కడే.